ముప్పావులోంచి మిగిలిన మీటరు

పటమటలో మా అపార్టుమెంటు గేటుకి ఒక బోర్డు వేలాడుతూ ఉంటుంది: "మెరుపు లెక్కలు. ఏ తీసివేతైనా మూడు సెకన్లలో." కింద కోటు తొడుక్కున్న ఉదయభాస్కర్ ఫొటో. రోహిణీకార్తెలో కూడా ఆ కోటు విప్పడు. డిగ్రీలో లెక్కలు రెండుసార్లు తప్పాడని వాళ్ళావిడ బాలసరస్వతే మా ఆవిడతో చెప్పింది. అయినా సాయంత్రమైతే యాభైమంది పిల్లలు ఆయన ముందు కూర్చుంటారు. భిన్నాల తీసివేతలో పై అంకెలోంచి పై అంకె, కింది అంకెలోంచి కింది అంకె తీసెయ్యమంటాడు. హారాలు సమానం చెయ్యడం పాతకాలపు చాదస్తమట. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ వినేవాళ్ళ అమ్మానాన్నలు మరీ లోకువ.

ఈ మహానుభావుడే మా అసోసియేషన్ సెక్రటరీ.

మా సెల్లారులో మెట్ల కింద శౌరమ్మ కుట్టుమిషను పదకొండేళ్ళుగా ఉంది. మిగిలిన గుడ్డ చిన్న పేలికైనా సరే, కుట్టిన జాకెట్టులోనే మడిచి గుండుసూది గుచ్చి ఇస్తుంది. ఆమెకున్న మంచిపేరంతా ఆ గుండుసూదిదే.

మొన్నామధ్య కూతురు అనఘ జాకెట్టుకి ఉదయభాస్కర్ ముప్పావు మీటరు సిల్కు ఇచ్చాడు. మీటరులో మూడింట రెండొంతులు పట్టింది. బెత్తెడు ముక్క తిరిగొచ్చింది. ఆ ముక్క పట్టుకుని ఆదివారం పొద్దున్నే సెల్లారులో మీటింగు పెట్టించాడు. "గుడ్డ దొంగలకి మెట్ల కింద చోటు లేదు" అని ముందే వాట్సాప్‌లో పెట్టాడు.

వచ్చినవాళ్ళలో సగంమంది పిల్లలు ఆయన దగ్గరే చదువుతున్నారు. అందరి నోళ్ళకీ తాళాలు పడ్డాయి. నాకూ పడింది, సిగ్గుతోనే చెబుతున్నాను.

ఆయన తన స్టూడెంటుని ముందుకి పిలిచాడు. "త్రీ బై ఫోర్‌లోంచి టూ బై త్రీ పోతే ఎంతమ్మా సింధూరీ?"

"మూడులోంచి రెండు పోతే ఒకటి, నాలుగులోంచి మూడు పోతే ఒకటి. వన్ బై వన్. ఒక మీటరు సార్!"

"విన్నారుగా? మీటరు సిల్కు! ఏదమ్మా అది?"

శౌరమ్మ మిషను ముందు నుంచి లేవలేదు.

"మీరిచ్చిందే ముప్పావు మీటరు. అందులో జాకెట్టు కోస్తే మీటరు మిగిలిందాండీ? అయితే ఇంకో నాలుగు జాకెట్లు కోస్తానుండండి, అమ్మగారికి చీర కూడా వచ్చుద్ది."

ముందు వాచ్‌మన్ అంతోని నవ్వాడు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. ఆమె మాత్రం నవ్వకుండా టేపు చాచింది.

"మీటరు పన్నెండు ముక్కలనుకోండి. మీరిచ్చినవి తొమ్మిది. పట్టినవి ఎనిమిది. మిగిలిన ఒక్కటీ మీ చేతిలోనే ఉందండి."

ఆయన ఆ ముక్కని కోటు జేబులో కుక్కుకుని, "ఇది మా సిలబస్ కాదు" అని లిఫ్టెక్కాడు. మిషను కదపమని మళ్ళీ ఎవరూ అనలేదు.

బోర్డు మాత్రం గేటుకి అలాగే ఉంది. మర్నాడు సాయంత్రం పిల్లలందరూ పుస్తకాలు పట్టుకుని మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళారు. సింధూరి ఒక్కతే వెళ్ళలేదు. మెట్ల కింద కూర్చుని, "పన్నెండే ఎందుకు ఆంటీ?" అని అడుగుతోంది. అది వినాలని మా అబ్బాయి సిద్ధార్థ అక్కడ ఆగాడు. సెక్రటరీతో మనకెందుకొచ్చిన గొడవని, నేనే వాడి చెయ్యి పట్టి లాక్కెళ్ళి ఆయన ముందు కూర్చోబెట్టాను.