స్నానం చేసిన బొగ్గు

1943లో నేను మదనపల్లెలో ఒక షెడ్డులో మెకానిక్కును. అవసరమైతే డ్రైవరును కూడా. మీటరు మీది అంకెలు తప్ప అక్షరం తెలియని రోజులవి. యుద్ధం వల్ల పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవాళ్లు, అది బండి స్టార్టు చేయడానికే చాలేది. అందుకని కార్ల వెనక గ్యాస్ ప్లాంటు బిగించేవాళ్లం. నిలువెత్తు ఇనుప పొయ్యి అది. హాపర్ అనే పై డబ్బాలో బొగ్గులు పోసి, కింద నిప్పు పెట్టి, గాలి ఊదే బ్లోయరు తిప్పితే వచ్చే గ్యాసుతో ఇంజను నడుస్తుంది. కార్లన్నీ ఇంగ్లాండు నుంచి ఎప్పుడో ఓడలో దిగినవి. విడి భాగాలు రావడం ఆగిపోతే చెప్పుల తోలు కోసి వాషర్లు చేశాను. ఎగుడు మిట్ట వచ్చినచోట అందరూ దిగి తోయాల్సిందే. దాన్ని ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు.

ఒకరోజు నిమ్మనపల్లె నుంచి లక్ష్మమ్మ వచ్చింది. భర్త పోయాక సేద్యమంతా తానే చేయించే మనిషి. ఇంట్లో గ్యాస్ ప్లాంటు బిగించిన పాత ఇంగ్లాండు కారు ఉంది, నడిపేవాడు లేడు. ఆమె ఒక్క కొడుకు రామప్ప పటాలంలో చేరాడు. వాళ్ల రైలు గురువారం మధ్యాహ్నం ఇంజనుకు నీళ్లు పట్టడానికి కుప్పంలో కాసేపు ఆగుతుందనీ, ఆ తర్వాత మద్రాసులో ఓడ ఎక్కిస్తారనీ స్నేహితుడితో కబురు పంపాడట. ఆ కాసేపట్లో కొడుకును చూడాలి. ఆమె అడిగింది అంతే.

గురువారం తెల్లవారుతూనే ఆమె కారులో బయలుదేరాం. పుంగనూరు పొలిమేర దాకా బండి బాగానే వచ్చింది. అక్కడ హాపర్ ఖాళీ అయితే ఆమె ఇంటి నుంచి తెచ్చిన బస్తా విప్పి పోశాను. బస్తా బరువుగా ఉంది. బరువుంటే గట్టి బొగ్గని మా లెక్క, సంతోషించాను. బజారు దాటకముందే ఇంజను నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది.

నేను ముసలి కారును తిట్టాను. కార్బురెటరు, అంటే గాలీ పెట్రోలూ కలిపే భాగం, విప్పి ఊదాను. ఫిల్టరు దులిపాను. గంట గడిచింది. లక్ష్మమ్మ ఏదో చెప్పబోతే, "నువ్వు కూసోమ్మా, ఇంజను సంగతి నీకేం తెలుసు" అని కసిరాను. ఆమె నోరు మూసుకుంది.

ఎదురుగా ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే ఖాదర్ సాహెబు అంతా చూస్తున్నాడు. లేచి వచ్చి హాపర్ మూత ఎత్తాడు. తెల్లటి ఆవిరి మొహాన కొట్టింది.

"ఏమ్మా, బొగ్గులకు తలంటు పోసినారా?" అన్నాడు నవ్వుతూ.

ఆమె తల వంచుకుంది. "పోసినానప్పా. కాటి బొగ్గు కలిపి అమ్ముతాండారని ఊర్లో అంటాండారు. బిడ్డను సూడబోయే బండిలో అదెట్ల ఏసేది? పసుపు నీళ్లతో కడిగి ఒక దినమంతా ఎండబెట్టినా."

పైన ఎండింది కానీ లోపల నీళ్లు నిలిచాయి. నేను మురిసిపోయిన బరువు నీళ్ల బరువు.

ఖాదర్ సాహెబు తన కొలిమి పక్కనున్న బస్తా ఈడ్చుకొచ్చాడు. లక్ష్మమ్మ దానివైపు అనుమానంగా చూసింది.

"తుమ్మ కట్టెమ్మా, నేనే కాల్చినా. కడగాల్నంటే కొడుకును సూసొచ్చినాక కడుక్కో" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. తడి బొగ్గు లాగేసి కొత్తది పోశాం. నేను కార్బురెటరు బిగిస్తుంటే బ్లోయరు ఆమే తిప్పింది. పలమనేరు దాటాక రెండు ఎగుళ్లలో బండి తోసింది కూడా. కుప్పం స్టేషను చేరేసరికి రైలు ఇంకా నీళ్లు తాగుతూనే ఉంది. మసిపట్టిన మొహంతో ఆమె పెట్టె పెట్టెకూ పోయి "రామప్పా" అని పిలిచింది. దిగిన కొడుకు ఒక క్షణం పోల్చుకోలేకపోయాడు.

"అమ్మా, నువ్వు బండిలో వచ్చినావా, పొయ్యిలోనుంచి వచ్చినావా?"

పెట్టెలోని సిపాయిలంతా నవ్వారు. ఆమె మూట విప్పి ఓళిగలు, అంటే బొబ్బట్లు, పంచింది. ప్రతి ఓళిగ మీదా నల్లటి వేలిముద్ర. ఒక్కరూ వద్దనలేదు. రైలు కదిలేదాకా తల్లీకొడుకులు నవ్వుతూనే ఉన్నారు.

యుద్ధం ముగిశాక రామప్ప క్షేమంగా తిరిగొచ్చాడు. నేనూ ఆ తర్వాత ఎన్నో బండ్లు బాగుచేశాను. ఆరోజు ఆమె చెప్పడానికి నోరు తెరిచింది, మూయించినవాణ్ణి నేను. బానెట్ ఎత్తేముందు బండిగల మనిషిని కూర్చోబెట్టి, నవ్వుతూ అడగాలి. నిజం చెప్పేది వాళ్లే. నట్లు తిప్పే పానా పట్టుకోవడం నాకు ఎనిమిదేళ్లకే వచ్చింది. ఇది మాత్రం ముప్పై దాటాక, పుంగనూరు బజారులో, కళాయి పూసేవాడి దగ్గర నేర్చుకున్నాను.