స్కాన్ తెరమీద ఎరుపు

సహోదరులారా, నేను నోరున్న ఆడదాన్నని మీకందరికీ తెలుసు, కానీ ఆ నోరు ఎండిపోయిన రోజులు నాకూ వచ్చాయి, వాటినుంచి ప్రభువు నన్నెలా దాటించాడో చెప్పకుండా ఉండలేను!

మా ఆయన కృష్ణపట్నం ప్లాంటుకు కంపెనీ బస్సు నడుపుతారు. మూత్రం సరిగా రాక, వచ్చినా చుక్కలు చుక్కలుగా పడుతుంటే ఆయన నలిగిపోయారు, దారిలో బస్సు ఆపాల్సి వస్తుందని నీళ్లు తాగడమే మానేశారు, ఆరాధనలో తలుపు పక్కకు జరిగి కూర్చోవడం మొదలుపెట్టారు, ఇదంతా నాకు చెప్పకుండానే! చివరికి నేనే పోట్లాడి నెల్లూరు తీసుకెళ్లాను. ప్రోస్టేటు గ్రంథి పెరిగిందనీ, అందులో రక్తం ఎలా పారుతోందో డాప్లర్ స్కాన్‌లో చూడాలనీ డాక్టరమ్మ అన్నది. మా ఆయన వాళ్ల అన్నకు కూడా ఇలాగే మొదలై, క్యాన్సరని తేలి, మట్టిలో కలిసిపోయారు.

స్కాన్ రోజున సంఘమంతా మాకోసం ఉపవాసముంది. మేమూ గుక్కెడు నీళ్లయినా ముట్టకుండా వెళ్లాం. స్కాన్ గదిలోని అమ్మాయి తల పట్టుకుంది.

"నీళ్లు బాగా తాగి రమ్మంటిమి కదా సార్! మూత్రం సంచి నిండకపోతే ఏం కనిపిస్తది?"

"మీకు చెప్పినారా లేదా?" అని ఆయన మీద లేచాను.

"చెప్పినారు. సంఘమంతా కడుపు మాడ్చుకుంటా ఉంటే నన్ను బాటిల్ ఎత్తమంటావా?"

"ఎత్తండి! ప్రభువుతో నేను మాట్లాడుకుంటాలే."

ఆయన తాగుతుంటే నేను గోడకు ఆనుకుని నిజంగానే మాట్లాడాను: "ప్రభువా, నీకోసం నీళ్లు మానితే స్కానే ఆగింది, ఇదేం న్యాయం? అన్నను తీసుకున్నావు, తమ్ముణ్ణి కూడా అడుగుతున్నావా? నేనివ్వను! తండ్రీ, ఇవ్వనని పట్టుకునే బలం నాకు లేదు, నువ్వే దయచూడు."

మూత్రం సంచి నిండాక స్కాన్ తీసే డాక్టరు వచ్చి పరికరం ఆనించగానే తెరమీద ఒక్కసారిగా ఎరుపు, నీలం భగ్గున వెలిగాయి.

"రక్తమా డాక్టరుగారూ?"

"రక్తమేనమ్మా, అందరి ఒంట్లో పారేదే. మా పరికరం వైపు వచ్చేది ఎరుపు, అవతలికి పోయేది నీలం. రంగు చూసి భయపడబాకండి. గ్రంథి ఉబ్బి లోపలి రక్తనాళాలను నొక్కుతా ఉంది, అందుకే పారుదలకు అడ్డం ఎక్కువగా ఉంది."

"క్యాన్సరా?"

"ఈ ఒక్క స్కాన్ చూసి అవునూ కాదూ అనను. రక్తపరీక్ష కూడా రానీండి."

ఆ ఫలితం వచ్చేదాకా బైబిలు తెరిస్తే అక్షరాలు కదిలిపోయాయి, ఆయన దగ్గితే చాలు ఉలిక్కిపడ్డాను. అది వచ్చాక డాక్టరమ్మ అన్నీ కలిపి చూసి, ఇది వయసుతో వచ్చే వాపేననీ, క్యాన్సర్ సూచనలేవీ కనిపించలేదనీ, మందులు వాడుతూ పరీక్షలకు వస్తుండాలనీ చెప్పింది. దేవునికే మహిమ! మళ్లీ పరీక్షకు వెళ్లే ప్రతిసారీ నా చేతులు ఇప్పటికీ చల్లబడతాయి, ఆ చేతులనే జోడించి వెళ్తున్నాను.

ఇప్పుడాయన నీళ్ల బాటిల్‌తో ముందు వరుసలో కూర్చున్నారు, చూడండి. ప్రసంగం మధ్యలో లేచినా ఎవరూ నవ్వబాకండి. తలుపు పక్కన కూర్చున్న అన్నలారా, మీరక్కడ ఎందుకు కూర్చున్నారో నేను అడగను. మన ఒంటిని చేసిన దేవునికి మన ఒంటి బాధ వినడానికి సిగ్గు లేదు. ఆయనను నమ్మండి, ఇంటికెళ్లగానే మీ భార్యతో చెప్పండి, ఆస్పత్రికి బయలుదేరండి. పోయేముందు కడుపునిండా నీళ్లు తాగండి, మీకు బదులు ఉపవాసం మేముంటాం!