స్కోరు చెప్పొద్దు

మా పక్కింటి రెజాన్ పేపరు మిల్లులో ఇరవై ఆరేళ్ళు రాత్రి షిఫ్టు చేశాడు. టీవీలో ఐస్ హాకీ ఆటలేమో రాత్రిపూటే. వీడియో టేపులొచ్చాక అతని ప్రాణం లేచొచ్చింది. పనికి వెళ్ళేముందు ఆట రికార్డయ్యేలా టేపు పెట్టి, టైము సరిచేసి, తెల్లారి వచ్చి చూసేవాడు. ఈ లోపల ఎవరూ స్కోరు చెప్పకూడదు. మిల్లు గేటు దాటగానే ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, కూనిరాగం తీసుకుంటూ, తల వంచుకుని మంచులో కారు దాకా నడిచేవాడు. అతను అడుగు పెడితే రొట్టెల కొట్లో రేడియో ఆపేసేవారు. ఇంటికి రాగానే ఫోను రిసీవరు తీసి పక్కన పెట్టేవాడు. ఆదివారం పొద్దున చర్చి మెట్ల మీద అందరూ ఆట గురించే మాట్లాడతారని సాయంత్రం ప్రార్థనకు మారిపోయాడు. ఫాదరే నవ్వి ఊరుకున్నారు, ఇక మేమెంత?

ఇంత తంటా ఆట కోసం కాదు, అన్న లూసియన్ కోసం. భార్య పోయాక రెజాన్‌కి మిగిలింది ఆ అన్న ఒక్కడే. లూసియన్ క్విబెక్ జట్టు అభిమాని, తమ్ముడు మాంట్రియల్ జట్టు అభిమాని. మా ఊళ్ళో ఈ రెండు జట్ల పేరు చెప్పి మొగుడూ పెళ్ళాలే మాట్లాడుకోవడం మానేసేవారు. లూసియన్ ఆట రాత్రే చూసేసినా, తమ్ముడు టేపు చూసి ఫోను చేసేదాకా నోరు మెదిపేవాడు కాదు. ఆ తర్వాత మొదలయ్యేది. గోడ ఇవతల నాకు చెవులు మూసుకున్నా వినిపించేది.

"ఏడిశాడు మీ గోల్‌కీపరు! వాడి బదులు వదినకి చీపురిచ్చి నిలబెట్టినా ఇంతకంటే బాగా ఆపుతుంది!"

ఆదివారం మధ్యాహ్నాలు లూసియన్ తానే వచ్చేవాడు. బఠానీ సూపు చల్లారిపోయేది, వాదం చల్లారేది కాదు.

"మీవాళ్ళు గెలిచార్రా? రిఫరీ గెలిపించాడు!"

"నీ కళ్ళద్దాలు మార్చు అన్నయ్యా, నీకు పుణ్యముంటుంది."

ఒక్కసారైనా ఒకడి మాట ఇంకొకడు ఒప్పుకోగా నేను వినలేదు.

మిల్లులో గాస్టన్ అని ఒక కొంటెవాడు ఉండేవాడు. ఓ పొద్దున "ఆట గురించి కాదు రెజాన్, నీ కారు లైట్లు వెలుగుతున్నాయి" అని దగ్గరికి పిలిచి, చెవిలో స్కోరు ఊదేశాడు. రెజాన్ వాడితో నెల్లాళ్ళు మాట్లాడలేదు. అప్పట్నుంచి ఎవరినీ నమ్మడం మానేశాడు.

ఆ ఫిబ్రవరిలో ఓ శనివారం రెండు జట్లకీ పోటీ పడింది. ఆదివారం ఎనిమిదిన్నరకి లూసియన్ భార్య ఒడెట్ ఆస్పత్రి నుంచి నాకు ఫోను చేసింది.

"ఆయనకి గుండెపోటు వచ్చింది పోలీన్. తెలివిలోనే ఉన్నారు, తమ్ముణ్ణి చూడాలంటున్నారు. రెజాన్ ఫోను కలవట్లేదు. కాస్త చెప్పవూ?"

ఇంటి చెప్పులతోనే మంచులో పరిగెత్తాను. రెజాన్ కిటికీలోంచి నన్ను చూశాడు. నా మొహం చూసి మాంట్రియల్ ఓడిందనుకున్నాడు.

"వద్దు పోలీన్! నోరు తెరవకు! ఇంకా రెండు భాగాలున్నాయి!"

"ఆట గురించి కాదు రెజాన్!"

"గాస్టన్ కూడా ఇదే అన్నాడు!"

చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. పరదా లాగేశాడు. టీవీ గట్టిగా పెట్టాడు. నేను లూసియన్ పేరు అరుస్తూ తలుపు బాదుతున్నాను, లోపల అతను పాట ఎత్తుకున్నాడు. కాళ్ళు గడ్డకట్టుకుపోతున్నాయి. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. "చావు! చూసుకో నీ ఆట!" అని అరిచి ఇంటికొచ్చేశాను. లూసియన్ తెలివిలోనే ఉన్నాడు కదా, గంటన్నరలో ఇతనే బయటికొస్తాడు కదా అనుకుని కాఫీ పెట్టుకున్నాను. ఆ కాఫీ తాగిన పాపం నాది. కిటికీ అద్దం పగలగొట్టి ఉండాల్సింది.

పదిన్నరకి రెజాన్ మా తలుపు తట్టాడు. మొహం వెలిగిపోతోంది.

"మావాళ్ళే గెలిచారుగా! మరి అలా మొహం వేలాడేసుకుని వచ్చావేం? అన్నయ్యకి ఫోను చేస్తే ఎత్తట్లేదు. సిగ్గుతో దాక్కున్నాడు!"

చెప్పాను. కోటు కూడా వేసుకోకుండా కారెక్కాడు. నేనూ పక్కన కూర్చున్నాను.

మేము వెళ్ళేసరికి లూసియన్ మీద దుప్పటి కప్పేశారు. ఒడెట్ లేచి మరిది చెయ్యి పట్టుకుంది.

"పది నిమిషాలు తక్కువ పదికి పోయారు. ఆఖరిదాకా నీ గురించే అడిగారు. నీ ఫోను కలవట్లేదంటే నవ్వారు. 'టేపు చూస్తుంటాడు, చూడనీ. అవగానే వాడే పరిగెత్తుకొస్తాడు' అన్నారు. తలుపు వైపే చూస్తూ ఉన్నారు."

రెజాన్ గోడకి ఉన్న గడియారం వంక చూశాడు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"అప్పటికి చివరి భాగంలో ఉన్నాను వదినా. వాళ్ళ గోల్ ఒకటుంది. పక్ బిళ్ళ కంటే ముందు వాళ్ళ ఆటగాడి రెండు కాళ్ళూ నీలం గీత దాటాయి, ఆ గోల్ చెల్లదు. అన్నయ్య ఎలాగూ ఒప్పుకోడని, గట్టిగా వాదించాలని, వెనక్కి తిప్పి చూశాను. మూడుసార్లు తిప్పి చూశాను."

ఒడెట్ అతని తల తన భుజానికి ఆనించుకుంది. అతను ఏడుస్తుంటే నర్సు వచ్చి తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

నన్ను క్షమించమని ఓసారి అడిగాను. "నువ్వు వచ్చావుగా పోలీన్, నేనే వినలేదు" అన్నాడు. అతను నన్ను తిట్టి ఉంటే నా గుండె బరువు కాస్తయినా దిగేది.

రెజాన్ ఇప్పటికీ ఆటలు చూస్తాడు. రిటైరయ్యాడు కాబట్టి రాత్రే చూస్తాడు. కానీ వాదించడు. మంచి గోల్ అంటే అవునంటాడు, చెత్త గోల్ అన్నా అవునంటాడు. మొన్న అతను ఇంటి ముందు మంచు తీస్తుంటే కావాలనే గిల్లాను. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ మాంట్రియల్ అంటే ప్రాణం పెట్టినదాన్ని, "మాంట్రియల్ అంత దండగమారి జట్టు ఈ భూమ్మీద లేదు రెజాన్, మీ అన్న చెప్పిందే నిజం" అన్నాను. పార ఎత్తి నా మీదికి వస్తాడేమోనని ఆశపడ్డాను.

"నిజమే పోలీన్" అన్నాడు మెల్లగా. తల ఎత్తకుండా మంచు తీస్తూనే ఉన్నాడు.