రోజాల మధ్య కరివేపాకు

నన్ను ఒక్క మాట అడగకుండా మా గేటు ముందున్న కరివేపాకు చెట్టును కొట్టేశారు. కొట్టించినవాడు మా కాలనీ కమిటీ ప్రెసిడెంటు, మన తెలుగువాడే. ఆ చోట రోజాలు, లావెండరు పెట్టి ఇంగ్లీషు తోట వేయించి, దాన్ని సాకే పని నాకు అప్పగించాడు. ముసలాడికి పొద్దుపోవాలి కదా అని అతని దయ.

"జూన్ నెల్లో ఇంగ్లండు తోటలు సూడాల తాతా, ఎంత బాగుంటాయో!" అన్నాడు. అక్కడ జూన్ అంటే వేసవి మొదలు. మలేషియాలో, మా సుంగై పెటాని ఊళ్ళో ఏడాది పొడుగునా అదే ఎండ, సాయంత్రానికి అదే వాన. రబ్బరు ఎస్టేటులో ఇంగ్లీషు దొరగారి రోజాలకు మా నాన్న మిట్టమధ్యాహ్నం గొడుగు పట్టడం చూసినవాణ్ణి నేను. దొర వెళ్ళిపోయాడు, గొడుగు నా చేతికి వచ్చింది.

అయినా మొక్కలేం పాపం చేశాయి? పురుగులు ఏరాను. లైబ్రరీ పుస్తకం చదివి, లావెండరు కుళ్ళకుండా మట్టిలో ఇసుక కలిపాను. మొదటి రోజా పూసిన పొద్దున, అబద్ధమెందుకు, కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను.

ఈలోగా పాత వేళ్ళ నుంచి కరివేపాకు పిలకలు రోజాల మధ్య లేచాయి. కలుపు తీయడం నా పనే కనుక, పీకేయమంటారా అని ప్రెసిడెంటును మీటింగు మీటింగుకీ అడిగాను. ప్రతిసారీ వేరే విషయం ఎత్తుకున్నాడు. నిన్న గేటు దగ్గర ఆపి అడిగితే, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు:

"పీకేత్తావేటి తాతా! మా ఆవిడ రోజూ అక్కడే కోసుకుంటంది. రోజాలు సచ్చినా పర్లేదు, దానికి మాత్రం నీళ్ళు పొయ్యి!"