విమానం పోయేదాకా

మా ఊరి పాఠశాల మైదానంలో నిలబడితే విమానాశ్రయం గోడ కనిపిస్తుంది. గాలి ఒక దిక్కు నుంచి వీచిన రోజుల్లో విమానాలు ఆ మైదానం మీదుగానే దిగుతాయి. మా చిన్నాయన అక్కడే నాటకాలు ఆడించేవాడు. పగలు కొత్తూరులో ఫ్యాక్టరీ పని, సాయంత్రం ఊరి పిల్లలతో రిహార్సల్. విమానం వచ్చినప్పుడు పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. మొదట్లో పిల్లలు దానితో పోటీపడి గొంతు చించుకునేవారు. అరిచింది ఎవరికీ వినపడకపోగా, తర్వాత గొంతు బొంగురుపోయి మిగతా నాటకం కూడా చెడేది. అందుకని చిన్నాయన ఒక పద్ధతి పెట్టాడు. మేము దాన్ని ‘ఆగుడు’ అనేవాళ్లం.

ఆగుడు నియమాలు నాకు ఇప్పటికీ వరుసగా గుర్తున్నాయి. చప్పుడు మాటను మింగకముందే ఆగాలి. మాట సగంలో ఉంటే సగంలోనే ఆగాలి. ఎత్తిన చెయ్యి దించకూడదు. ముఖంలో కోపం ఉంటే ఆ కోపం చెదరకూడదు. పైకి చూడకూడదు. చప్పుడు పూర్తిగా పోయాక, విడిచిన అక్షరం తర్వాతి అక్షరం నుంచి అందుకోవాలి. చూడవచ్చిన జనం కూడా దీనికి అలవాటుపడ్డారు. నవ్వు సగంలో ఆపి, విమానం పోయాక మిగతా సగం నవ్వేవారు.

పైకి చూడకూడదన్న నియమం ఒక్కటే నాకు ఎన్నడూ కుదరలేదు. ప్రతి విమానానికీ తల ఎత్తేవాణ్ణి. ఒకరోజు చిన్నాయనకు విసుగొచ్చింది.

“నువ్వు నాటకానికి పనికిరావురా. పో, విమానాలే చూసుకో” అన్నాడు.

డిప్లొమా చదివి, అదే విమానాశ్రయంలో సామాన్ల బెల్టుల మరమ్మతు విభాగంలో చేరాను. మొదటి రోజు యూనిఫాంతో ఇంటికి వస్తే, “చెప్పిన గదా” అని చిన్నాయన ఒకటే నవ్వు.

చిన్నాయన గుండెజబ్బుతో పోయాక, ఆయన దగ్గర నాటకాలు ఆడి ఎక్కడెక్కడో స్థిరపడినవాళ్లు మా చిన్నమ్మ దగ్గరికి వచ్చారు. మైదానంలో విగ్రహం పెడదామన్నారు.

“ఇగ రోజూ దాని మీద పిట్టల రెట్ట ఎవలు కడగాలె? నాతోని కాదు. ఎవలన్న పిల్లనో పిలగాణ్నో నాటకం నేర్వనికి తోలుండ్రి, ఆయనకు అదే ఇష్టం” అంది చిన్నమ్మ.

అట్లా ఆయన పేరు మీద స్కాలర్‌షిప్ మొదలైంది. ఏటా ఒకరికి నగరంలో నాటక శిక్షణ, ఉండటానికి హాస్టలు. ఏ పనికైనా ముందు జాబితా రాసుకునే అలవాటు నాకుంది గనుక నిర్వహణ నాకు అప్పజెప్పారు. నిబంధనలు నేనే రాశాను. మా కుటుంబం వాళ్లు మార్కులు వేయకూడదు. ప్రదర్శన జరుగుతున్నంతసేపు మా వైపు నుంచి ఎవరూ అభ్యర్థితో గానీ, న్యాయనిర్ణేతలతో గానీ ఒక్క మాట మాట్లాడకూడదు. అభ్యర్థి మాటలు మర్చిపోయి నిలిచిపోతే న్యాయనిర్ణేత గంట కొట్టవచ్చు. గంట కొడితే అక్కడితో అయిపోయినట్టే.

మొదట్లో ఎంపిక మా మైదానంలోనే జరిపాం. బయటి నుంచి వచ్చిన పిల్లల మాటలు విమానాల కింద పడి నలిగిపోయాయి. ఇది అన్యాయమని వాళ్లు చెప్పారు, నిజమే అనిపించింది. అందుకే ఈ ఏడాది నగరంలో, అత్తాపూర్‌లో ఒక ఫంక్షన్ హాలు కింది అంతస్తు తీసుకున్నాను. కిటికీలు లేవు, తలుపులు మందం, ఏసీ ఉంది, విమానం చప్పుడు రాదు. కరెంటు పోతే జనరేటర్ ఉందా అని కూడా అడిగాను. ఉందన్నారు. జాబితాలో దాని పక్కన టిక్కు పెట్టుకున్నాను.

ఆ పొద్దున నన్నూ చిన్నమ్మనూ తన ఆటోలో అత్తాపూర్ తీసుకెళ్లింది అభ్యర్థుల్లో ఒకమ్మాయి తండ్రే. మా ఊరి చివర ఉంటారు. ఆయన శంషాబాద్ బస్టాండు దగ్గర ఆటో నడుపుతాడు. మేమంతా చాచా అంటాం. ఆ అమ్మాయి మా చిన్నాయన చివరిగా నేర్పిన పిల్లల్లో ఒకతి. కిందటేడు స్కాలర్‌షిప్ కొద్దిలో చేజారింది. ఈసారి తండ్రి ఒక మాట ఖాయం చేశాడు. స్కాలర్‌షిప్ వస్తే నాటకం. రాకపోతే సోమవారం నుంచి కొత్తూరు పక్కన గోదాములో పని. అక్కడి సూపర్‌వైజర్ జవాబు కోసం చూస్తున్నాడు.

“తమ్మీ, రూల్సన్నీ నువ్వే రాస్తివంట గదా. మా బిడ్డ కోసం జర ఒక రూల్ రాయకపోతివి” అన్నాడు చాచా, అద్దంలో నన్ను చూస్తూ.

“వాన్ని అడిగితే ఏం ఫాయిదా లేదన్నా. ఇంట్ల పప్పు కూడ రూలు ప్రకారమే తింటడు” అంది చిన్నమ్మ.

పక్కనే కూర్చున్న అమ్మాయి నవ్వలేదు. పెదవులు కదిలిస్తూ మాటలు నెమరువేసుకుంటోంది.

న్యాయనిర్ణేతలు ఇద్దరు. ఒకరు గోదావరి వైపు నుంచి వచ్చి అత్తాపూర్‌లో స్థిరపడిన రిటైర్డ్ నాటక మాస్టారు. రెండో ఆవిడ నగరంలో నాటకాలకు దర్శకత్వం వహిస్తుంది. ఇద్దరూ మా మైదానం ఎన్నడూ చూడలేదు. నేను తలుపు దగ్గర, చిన్నమ్మ చివరి వరుసలో.

అమ్మాయి ఎంచుకున్నది చిన్నాయన రాసిన ముక్క. విమానాశ్రయం గోడ లోపలికి పొలం పోయిన ముసలామె, గేటు దగ్గర కాపలావాడితో కొట్లాడుతుంది. తన బొక్కెన బావిలో పడిపోయిందట, లోపలికి పోయి తీసుకుంటానంటుంది. మొదలుపెట్టిన కాసేపటికే మాస్టారు కుర్చీలో ముందుకు జరిగాడు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

అప్పుడే కరెంటు పోయింది. చీకట్లో ఆమె మాట తొణకలేదు. “ఎన్నిసార్లు చెప్పాలెరా నీకు? నా బొక్కె...” అంటుండగా బయట జనరేటర్ మొదలైంది. ముందు సన్నగా, తర్వాత లావుగా, గోడల్లోంచి దాని చప్పుడు హాలంతా నిండింది. ఆమె ఆగిపోయింది. లైట్లు వెలిగాయి. కుడిచెయ్యి పైకెత్తి, మెడ ముందుకు చాచి, కళ్లలో కోపంతో శిలలా ఉంది.

నేను చిన్నమ్మ వైపు చూశాను. చిన్నమ్మ అప్పటికే నా వైపు చూస్తోంది. ఇద్దరికీ అర్థమైంది. అది ఆగుడు.

న్యాయనిర్ణేతలకు మాత్రం మాటలు మర్చిపోయిన పిల్ల కనబడుతోంది. విమానమైతే కాసేపట్లో వెళ్లిపోతుంది. జనరేటర్ ఎక్కడికీ వెళ్లదు. కరెంటు వచ్చేదాకా మోగుతూనే ఉంటుంది. చప్పుడు పోయేదాకా ఆమె కదలదు. నోరు తెరిచి చెప్పడానికి నా నిబంధనే అడ్డం. మాస్టారు చెయ్యి గంట మీదికి వెళ్లింది.

తలుపు తోసుకుని బయటికి పరుగెత్తాను. జనరేటర్ హాలు వెనక ఉంది. అక్కడే, వెనక తలుపు సందుకు చెవి పెట్టి చాచా నిలబడి ఉన్నాడు.

“ఏమైంది తమ్మీ? గొంతు ఇనస్తలేదు. మర్చిపోయిందా?”

“మర్చిపోలే చాచా. ఇది విమానం అనుకుంటున్నది.”

ఆయనకు ఇంకో మాట అవసరం లేకపోయింది. “యా అల్లా! ఇది పోయే విమానం కాదు గదా!”

జనరేటర్ చూసుకునే అతను పక్కనే స్టూలు మీద టీ తాగుతున్నాడు. బంద్ చెయ్యమన్నాను.

“కరెంట్ లేదన్నా. బంద్ చేస్తే లోపల చీకటైతది.”

“చీకటైతే కానియ్యి.”

“పెండ్లిళ్లల్ల జనరేటర్ ఆన్ చెయ్యమని కొట్లాడెటోళ్లను మస్తుమందిని చూసిన. బంద్ చెయ్యమని కొట్లాడుడు ఏందన్నా?”

“అరే భాయ్, నా బిడ్డ లోపల చెయ్యి లేపి నిలవడ్డది! జర బంద్ చెయ్!” అని చాచా అతని చేతిలోని టీ గ్లాసు లాక్కున్నాడు.

అతనికి ఏమీ అర్థం కాలేదు. కాకపోయినా లేచి ఆపాడు. యంత్రం వెంటనే ఆగలేదు. దగ్గి, మూలిగి, చివరికి ఊరుకుంది. మేమిద్దరం తలుపు సందుకు చెవులు ఆనించాం. లోపల ఏ శబ్దమూ లేదు. గంట కొట్టేశారేమో అనుకున్నాను. చాచా నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“...న బాయిలనే ఉన్నది బిడ్డా! నీ విమానాలను జర పక్కకు జరగమను. తోడుకోని పోత!”

చాచా పక్కనే ఆపిన తన ఆటో మెట్టు మీద కూర్చుని, రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. టీ గ్లాసు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. నేను ముందు తలుపు దగ్గరికి వెళ్లి, నాటకం చివరిదాకా విని, తర్వాత తలుపు బార్లా తెరిచాను. పగటి వెలుతురు వేదిక దాకా పడింది.

లోపలికి వెళ్లి, జనరేటర్ ఆపించింది నేనేనని న్యాయనిర్ణేతలకు చెప్పాను. తప్పనిపిస్తే మార్కులు తగ్గించుకోమన్నాను.

“మీరెవరితోనూ మాట్లాడలేదు కదా. పైగా సగం చీకట్లో చేసింది. అది లాభమా ఏంటి?” అంది దర్శకురాలు.

మాస్టారు అమ్మాయిని అడిగాడు. “ఎందుకాగిపోయావమ్మా?”

“విమానం అనుకున్న సార్. ఇప్పుడు పోతది, ఇప్పుడు పోతది అని చూస్తున్న. ఎంతకూ పోతలేదు. ఇంత పొడుగు విమానం ఏందని పరేషాన్ అయిన.”

నేను ఆగుడు సంగతి మొత్తం వివరించాక ఇద్దరూ చాలాసేపు నవ్వారు. అయినా నాకు ఒక సందేహం మిగిలింది. గంట ఎందుకు కొట్టలేదని మాస్టారును అడిగాను.

“కొడదామనే చెయ్యి పెట్టానండీ. కానీ ఆ పెద్దావిడ ఏదో చెప్పబోతున్నారు కదా, మధ్యలో కొడితే ఏం మర్యాదగా ఉంటుందనిపించింది” అన్నాడు.

ఆయన పెద్దావిడ అన్నది బొక్కెన కోసం కొట్లాడే ముసలామెనని నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

మార్కులు కూడి ఫలితం చదివాను. ఆ అమ్మాయే. చిన్నమ్మ చివరి వరుసలోంచి గట్టిగా అడిగింది: “ఇగ మాట్లాడొచ్చునారా?”

“మాట్లాడొచ్చు చిన్నమ్మా.”

చిన్నమ్మ లేచింది. వచ్చి అమ్మాయి కుడిచెయ్యి అందుకుని, భుజం నుంచి మణికట్టు దాకా మెల్లగా ఒత్తుతూ కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో, శంషాబాద్ దాటి మా ఊరి దారి పట్టాక, చాచా ఆటో పక్కకు ఆపి గోదాము సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాడు.

“సలాం సార్. మా బిడ్డ సోమవారం నుంచి పనికి...”

పైన విమానం వచ్చింది. చాచా మాట ఆపేశాడు. ఫోను చెవి దగ్గరే ఉంది, ఎడమచెయ్యి గాల్లో ఉంది. వెనక సీట్లో చిన్నమ్మ, అమ్మాయి కదలకుండా కూర్చున్నారు. నేను తల బయటికి పెట్టి, అది గోడ అవతల దిగేదాకా చూశాను.

“...రాదు సార్” అన్నాడు చాచా.