ఇంటి కిస్తు, కర్నూలు సంచులు

మొన్న మా కాలనీలో ఎవరో ఒక బ్యాంకు పిల్లవాడిని పిలిపించి డబ్బు జాగ్రత్తల మీద మాట్లాడించారు. చక్కగా మాట్లాడాడు, కాదనను. కాని చివరలో, ఇంటి అప్పు కిస్తు కోసం క్రెడిట్ కార్డు వాడేవాళ్లు కళ్లు తెరిచి గోతిలో దూకేవాళ్లేనని అన్నప్పుడు, కుర్చీల్లో ఉన్న నా ఈడువాళ్లందరూ బుద్ధిగా తలలూపారు. నేను ఊపలేదు. అక్కడికి నాలుగు వీధుల అవతల ఉన్న నా ఇల్లు నేను అట్లా నిలబెట్టుకున్నదే. ఆ పిల్లవాడితో వాదన ఎందుకని అక్కడ ఊరుకున్నాను గాని, మీతో చెప్పుకోకుండా ఉండలేను. నాలాగే ఒకటో తారీఖు జీతం కోసం ఎదురుచూసి బతికినవాళ్లు మీరు, సగం చెప్పినా మీకు అర్థమవుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్లలో నేను గద్వాల సర్కారు దవాఖానలో నర్సుని. మా ఆయన ఊరి చివర పల్లీనూనె మిల్లులో యంత్రాలు చూసుకునే మెకానిక్కు. రెండు జీతాల ధైర్యంతో ఐజ రోడ్డు వైపు చిన్న జాగా కొని, బ్యాంకు అప్పుతో రెండు గదులూ ఒక వంటిల్లూ వేసుకున్నాం. గోడలకు సున్నం కూడా పడకముందే పాలు పొంగించి దిగిపోయాం, ఎందుకంటే కిరాయీ కిస్తూ రెండూ కట్టే ఓపిక మాకు లేదు. ఆ పచ్చి గోడల సిమెంటు వాసన నాకు ఇప్పటికీ ఇష్టం; ఎక్కడైనా కొత్త ఇల్లు కడుతుంటే కాసేపు నిలబడి పీల్చుకుని వస్తాను.

ఏడాది తిరగకుండానే మిల్లు గేటుకు తాళం పడింది. పొద్దున డ్యూటీకని టిఫిన్ డబ్బాతో పోయిన మనిషి, ఆ డబ్బా అట్లాగే పట్టుకుని తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అన్నం తిననన్నాడు. పనిలేని మగవాడికి ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో కూడా తెలియదని నేను అప్పుడే చూశాను.

వారం పోకముందే ఆత్మకూరు నుంచి మా బావగారు, అంటే మా ఆయన అన్న, దిగాడు. ఎరువుల దుకాణం, చేతిలో రొక్కం ఆడే మనిషి. మా అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా మొదలుపెట్టాడు.

"ఇల్లు నా పేర రాసియ్యుండ్రి. బ్యాంకు కిస్తులు నేను గడ్త. మీరు గీడనే కిరాయికుండుండ్రి. బయటోళ్ల చేతికి పోయేకన్న మన ఇంట్లనే ఉంటది గదా."

మాట తియ్యగానే ఉంది. మా అత్తమ్మ తలూపింది. మా ఆయన నేల చూస్తూ కూర్చున్నాడు. ఇంకాసేపుంటే సరేననేవాడే. నాకు మాత్రం, నేను పునాదికి నీళ్లు మోసిన ఇంట్లో నేనే కిరాయిదారుగా, నెలనెలా ఆత్మకూరు వైపు చెయ్యి చాచి నిలబడడం కళ్లముందు కనిపించి ఒళ్లు మండింది.

"ఇల్లు ఇయ్యం బావా. కిస్తు నేను గడ్త," అన్నాను.

"ఏం బెట్టి గడ్తవు?"

"నా జీతమున్నది. దవాఖానోళ్లకిచ్చిన కార్డున్నది."

ఆయన నవ్వాడు. "కార్డా? అది మిత్తికి మిత్తి గుంజుతది. మునుగుతవ్ పిల్లా."

"మునిగితే నేనే మునుగుత. నిన్ను పిలువను," అన్నాను. ఆ ఇంట్లో కోడలు బావకు అట్లా ఎదురు చెప్పడం అదే మొదలు. నాలుగు మెతుకులు కూడా తినకుండా ఆయన వెళ్లిపోయాడు.

ఆ కార్డు సంగతి చెప్పాలి. అంతకు కొన్నాళ్ల ముందు, మండుటెండలో టై కట్టుకున్న ఒక అబ్బాయి కర్నూలు నుంచి వచ్చి, మేము సర్కారు ఉద్యోగులమని మాచేత సంతకాలు పెట్టించుకుని పోయాడు. తరువాత పోస్టులో కార్డులొచ్చాయి. గద్వాలలో దాన్ని చూపితే ఒక సబ్బుబిళ్ల ఇచ్చే దుకాణం కూడా లేదు. మా హెడ్ సిస్టర్ తన కార్డును దేవుడి పటం వెనక దోపేసింది. నాది బీరువాలో చీరల అడుగున పడి ఉంది. పైగా బ్యాంకు కౌంటరులో ఇంటి కిస్తుకు కార్డు తీసుకోరు, రొక్కమే కావాలి. కార్డును రొక్కంగా మార్చే దారి నేనే వెతుక్కున్నాను.

మా దవాఖానలో నర్సులందరి ఇళ్లకూ నెలకింత బియ్యం, నూనె, పప్పు, సబ్బులు కావాలి కదా. కర్నూలులో ఒక పెద్ద దుకాణంలో కార్డు గీకే మిషనుంది. సెలవు రోజున రైలెక్కి తుంగభద్ర దాటి పోయి, అందరి సామానూ నా కార్డు మీద కొనుక్కొచ్చి ఇచ్చేదాన్ని, వాళ్లు నాకు రొక్కం ఇచ్చేవాళ్లు. ఆ రొక్కం నేరుగా ఇంటి కిస్తుకు పోయేది. కార్డు బిల్లుకు నెల పైన గడువు దొరికేది, ఆలోగా నా జీతం వచ్చేది. మా ఆయన చేతికి మళ్లీ ఏదో పని దొరికేదాకా ఊపిరి పీల్చుకునేంత సందు, నాకు కావలసింది అంతే.

చెప్పినంత సులువేం కాదు. ఫోను లైను కలవక మిషను మొరాయిస్తే గంటల తరబడి దుకాణం మెట్ల మీద కూర్చునేదాన్ని. తిరుగు రైల్లో సంచుల మధ్య కాళ్లు పెట్టుకునే చోటుండేది కాదు. ఒకసారి నూనె ప్యాకెట్ చిట్లి ఎవరో పెద్దమనిషి ధోవతి తడిస్తే, ఆయన అలంపూర్ రోడ్డు స్టేషను నుంచి గద్వాల దాకా నా వంశాన్నంతా తలుచుకున్నాడు. దవాఖానలో అందరూ నన్ను కార్డు సిస్టరమ్మ అనేవాళ్లు. అననీ అనుకున్నాను.

మొదట్లో మా ఆయనకు ఇది నామోషీగా ఉండేది. ఒకరోజు స్టేషనులో దిగి సంచులెట్లా మొయ్యాలా అని చూస్తుంటే, ఎదురుగా ఎవరిదో అరువు మోపెడ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. సంచులన్నీ దాని మీద కట్టి, దాన్ని తోసుకుంటూ నా పక్కన నడిచాడు. దారిలో, కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టి బాగుచేసే దుకాణం పెట్టాలనుందని మెల్లగా చెప్పాడు. ఆ నడకంత మంచి నడక నా సంసారంలో మళ్లీ లేదు.

తరువాత అసలు కష్టం వచ్చింది. బడ్జెట్ రాలేదని దవాఖానలో అందరి జీతాలూ ఆగిపోయాయి. నర్సుల దగ్గర రొక్కం లేదు, నాకు సామాను చెప్పేవాళ్లు లేరు. కిస్తు తారీఖు వచ్చేసింది. కర్నూలు పోయి ఏటీఎంలో కార్డు మీదే డబ్బు తీసి కట్టేశాను. దాని మిత్తి, ఆ వడ్డీ మీద వడ్డీ, ఎంతో బిల్లు వచ్చాక తెలిసింది. మా బావగారు చెప్పింది అబద్ధమేమీ కాదు. అయినా ఆయన దగ్గరికి పోదామన్న ఆలోచన నాకు ఒక్క నిమిషం కూడా రాలేదు.

బిల్లు ఆలస్యమయ్యేసరికి వసూలుకు ఒకతను నేరుగా వార్డులోకే వచ్చాడు. నా చేతిలో ఇంజక్షన్ల ట్రే ఉంది. పేషెంట్ల ముందే గొంతు పెంచి, సర్కారు నౌకరీ చేస్తూ సిగ్గులేదా అన్నాడు.

"గొంతు తగ్గించు. ఇది దవాఖాన," అన్నాను. "నేను యాడికి పోత? జీతం పడంగనే గడ్త. గా బల్ల మీద కూసో, డ్యూటీ దిగినంక మాట్లాడుదం."

ఏమనుకున్నాడో, కూర్చున్నాడు. వార్డు ఊడ్చే ఆయమ్మ అతనికి చాయ్ తెచ్చిచ్చి, "మా సిస్టర్ పైసలు ఎగ్గొట్టే మనిషి కాదు నాయినా, జర ఓపిక పట్టు," అని చెప్పింది.

ఆ రోజు డ్యూటీ దిగేటప్పుడు హెడ్ సిస్టర్ నన్ను పక్క గదిలోకి పిలిచింది. మిగతావాళ్లూ అక్కడే ఉన్నారు. అందరూ ఇళ్లలో ఉన్నదేదో తలా కొంత పోగుచేశారు. "వచ్చే నెల సామాను పైసలు గిప్పుడే తీస్కో. సామాను ఎప్పుడన్న తే, మాకేం పరేషాన్ లేదు," అంది. వసూలువాడి ముందు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆ ఎండాకాలం బోర్ల మోటార్లు కాలిపోయి, మా ఆయన అప్పుడే పెట్టిన మోటార్ల దుకాణం ముందు రైతులు వరస కట్టారు. జీతాలూ పడ్డాయి. కార్డు బిల్లు తీరింది, మరికొన్నేళ్లకు ఇంటి అప్పూ గడువుకు ముందే తీరింది. మా బావగారు ఇప్పటికీ, నసీబు బాగుండి బయటపడ్డవంటాడు. నసీబు కాదు బావా, నేను అని ఇప్పటికీ అంటాను.

ఇప్పుడు మా పక్కింటి కోడలు కిరాయి, కరెంటు, పిల్లల ఫీజులు అన్నీ కార్డు మీదే కడుతుంది. కూర్చున్న చోటు నుంచి కదలదు, ఫోను మీద వేలు ఆనిస్తే చాలు. మంచిదే, నడుములు మిగిలాయి. కాని మొన్నొక రోజు ఆ పిల్ల గేటు పట్టుకుని ఊరికే నిలబడి ఉంటే, ఏమైందమ్మా అని అడిగాను. ఏం లేదు ఆంటీ అని నవ్వి లోపలికి పోయింది. మా రోజుల్లో నా కిస్తు ఎప్పుడో, ఈ నెల కట్టానో లేదో దవాఖానంతటికీ తెలుసు. అప్పుడు అది సిగ్గుగానే ఉండేది. ఇప్పుడు గోడకవతల ఆ పిల్ల ఏం మోస్తున్నదో నాకు తెలియదు. రేపు మళ్లీ అడుగుతాను. చెప్పకపోతే ఎల్లుండి కూడా అడుగుతాను.