మంత్రాలకు నేను గీసిన గళ్ళు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎమ్మిగనూరులో పంతులుగా కొత్తగా చేరాను. ఇరవై రెండేళ్ళ వయసులో నాకు తెలియని విషయం లేదనుకునేవాణ్ణి. ఒకవేళ ఉన్నా, దానికొక పట్టిక వేస్తే లొంగిపోతుందని నమ్మకం. ఒక వేసవి సెలవుల్లో మంత్రాల మీద పడ్డాను. నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీశాను: మంచి మంత్రం, చెడ్డ మంత్రం, కనికట్టు, మూఢనమ్మకం. ఒక్క మంత్రగాణ్ణి కూడా చూడకముందే గళ్ళు సిద్ధమైపోయాయి.

మొదట ఆదోనిలో తాయెత్తులు కట్టే సాయిబు దగ్గరికి వెళ్ళాను. మీ మంత్రం ఏ రకమని అడిగితే ఆయన నొచ్చుకున్నాడు. తాను చేసేది దువా, అంటే అల్లాకు చేసుకునే విన్నపం అనీ, మంత్రమనేది ఇతరులు చేసే పని అనీ చెప్పాడు. అయినా ఎండన పడి వచ్చానని మజ్జిగ ఇప్పించాడు. ఎమ్మిగనూరు సంతలో గారడీ చేసే ఆయనేమో మంత్రమన్నది లోకంలో లేనే లేదు, ఉన్నదంతా చేతివాటమే అన్నాడు. ఆ మాట నేను రాసుకుంటుండగానే ఆయన భార్య వచ్చి, ఆట మొదలయ్యే ముందు ఆయనకు ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఏ గడిలో వేయాలో తేలక ఆయన్ను గీత మీద రాశాను.

తర్వాత హాలహర్వి దగ్గరి పల్లెలో తేలుమంత్రం వేసే ముసలి రైతు ఇంటికి పోయాను. ఎద్దులకు చొప్ప వేస్తున్నాడు. మంత్రాలు ఎన్ని రకాలని అడిగాను.

“రెండే అయివారూ. ఇసం దిగేది ఒగటి, దిగనిది ఒగటి.”

ఇంత కురచ శాస్త్రం నాకు నచ్చలేదు. నా నాలుగు గళ్ళ సంగతి ఆయనకు బోధించసాగాను. ఆ ఊపులో చొప్పవామికి చెయ్యి ఆనించాను. తేలు కుట్టింది. నేను అరిచిన అరుపుకు ఎద్దులు పలుపులు తెంపుకోబోయాయి.

ఆయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, వేపమండ తెచ్చి, మోచేతి నుంచి కిందికి రెండుసార్లు దులిపాడు. మంట చేత్తో తీసేసినట్టు తగ్గింది. విషం దిగిపోయిందనీ, ఆయన మంత్రం గొప్పదనీ కళ్ళనీళ్ళతో చెప్పాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. “మంత్రం ఇంగా మొదులే పెట్టలేదు గదా అయివారూ. చేతికి దుమ్ముంటే దులపతాండా.”

ఆ మాటతో నొప్పి రెండింతలై తిరిగొచ్చింది. తర్వాత ఆయన ఓపికగా మంత్రమంతా వేశాడు గానీ ఏమీ దిగలేదు. చదువుకున్నోళ్ళకు కొంచెం నిదానంగా దిగుతుందని ఆయన భార్య సర్దిచెప్పి, జొన్నరొట్టె తుంచి నా ఎడమచేతిలో పెట్టింది.

‘తేలు కుట్టిన దొంగ’ అన్న మాటకు పిల్లలకు ఎన్నోసార్లు అర్థం చెప్పాను. ఆ సాయంత్రం బస్సులో చెయ్యి తువ్వాలులో దాచుకుని, కిమ్మనకుండా ఎమ్మిగనూరు చేరాను.